రెప్ప వెయ్యని సాక్షి

గవ్వలకోటలో మాట ఇవ్వడమంటే మాటలు కాదు. ఆ రాజ్యంలో ఎవరు ఒట్టు వెయ్యాలన్నా చేప ముందు వెయ్యాలి. మనిషి రెప్ప వేస్తాడు. రెప్ప పడినంతసేపు ఏం జరిగిందో ఎవరికి తెలుసు? దేవతలకూ చేపలకూ మాత్రమే రెప్పపాటు లేదు. దేవతలు పిలిస్తే రారు గనుక గవ్వలకోటవాళ్ళు చేపను పెట్టుకున్నారు. చేప చూస్తుండగా అన్న మాట రాతి మీద గీత. తప్పినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు.

అందుకే ఆ పొద్దున మణిగిరి రాకుమారుడు నందికేతుకి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

అతని ఒంటిమీద మోతగాడి వేషం. భుజాన కావడి, తలకి మాసిన పాగా. కోట వెనక కాలవ మెట్ల దగ్గర, సంపెంగ పొదల చాటున, యువరాణి తరళ ఎదురుగా నిలబడి ఉంది. కాళ్ళకి పారాణి, బుగ్గన చుక్క. మధ్యాహ్నం ఆమె పెళ్ళి. వరుడు చేపల మాంత్రికుడు తిమిరాక్షుడు.

"పడవ సిద్ధంగా ఉంది రాకుమారీ," అన్నాడు నందికేతు. "కాలవ చివర ముత్యాలచెరువు కట్ట. కట్ట అవతల నా గుర్రాలున్నాయి. ఎక్కండి."

తరళ ఎక్కలేదు.

"మా నాన్నగారికి విషం తలకెక్కినప్పుడు విరుగుడు తిమిరాక్షుడి దగ్గర మాత్రమే ఉంది. ఇస్తే పెళ్ళాడతానని సాక్షిచేప ముందు అన్నాను. ఇచ్చాడు. నాన్నగారు లేచి కూర్చున్నారు. ఇప్పుడు నేను పడవెక్కితే ఏమవుతుంది?"

"ఆ విషం పెట్టించింది వాడే అయ్యుంటాడు!"

"అయ్యుంటాడు. మాట మాత్రం నాది."

"వాడి ఇంట్లో బతుకుతారా?"

"బతుకుతానో లేదో తర్వాతి సంగతి. మాట తప్పి మాత్రం బతకను. నన్నెత్తుకుపోవడం ఏ గజదొంగైనా చేస్తాడు రాకుమారా. చేతనైతే నా మాటను పడగొట్టండి. అదే పడిపోతే నేను మీ వెంట నడిచి వస్తాను."

నందికేతు చాలా కోటలు చూశాడు. మదపుటేనుగుకి ఎదురు నిలిచినవాళ్ళను చూశాడు. మాటకి ఇలా నిలబడ్డ మనిషిని చూడలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయి, మోతగాడినన్న సంగతి గుర్తొచ్చి తల గోక్కున్నాడు.

"ఒరే మోతగాడా!" కాలవ గట్టు మీంచి ఒక గొంతు మోగింది. "సంపెంగల్లో ఏం ఏరుకుంటన్నావురా? ఎండెక్కితే పురుగులు చస్తాయి. నడువు!"

ఆవిడ పోలమ్మ. చెరువులో నీటిపురుగులు దేవి, తిమిరాక్షుడి చేపలకి మేతగా రోజూ తెచ్చి పోస్తుంది. నందికేతుకి ఈ కావడి ఇచ్చింది ఆవిడే. అతను రాకుమారుడని ఆవిడకి తెలియదు. తెలిసినా కావడి దించనిచ్చే మనిషి కాదు.

తిమిరాక్షుడి చేపలమేడ చూసినవాళ్ళు సగం రోజు నోరు మెదపరని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. నందికేతు కావడి దించకుండానే మెడ ఎత్తి చూశాడు. గోడలన్నీ గాజు. గాజు వెనక నీళ్ళు, నీళ్ళలో రంగులు. పసుపుకొమ్ము లాంటి చేప, నెమలిమెడ లాంటి చేప, నిప్పుకణిక లాంటి చేప. పట్టుచీర కుచ్చిళ్ళు జారినట్టు జారే తోకలు. పైకప్పు సందులోంచి ఎండ పడితే మతాబులు వెలిగించినట్టు గోడలన్నీ మెరిశాయి. ఆహా అనుకున్నాడు. ఏ చెయ్యి వీటిని చేసిందో గాని, ఆ చేతికి మొక్కాలి అనుకున్నాడు.

రెండోసారి చూశాడు.

తోక ఎంత పొడుగో ఈత అంత తక్కువ. కుచ్చిళ్ళు తొక్కుకుని పడ్డ పెళ్ళికూతురిలా చేప అడుగున కూర్చుంటోంది. గోడల కింద వరసగా గాజుబుడ్లు. బుడ్డికో చేప, తిరగబోతే మూతి ఒకవైపు, తోక ఒకవైపు గాజుకి తగిలేటంత ఇరుకు. ఒక మూల ఇద్దరు పనివాళ్ళు కూర్చుని తెల్లచేపల నుదుట సూదితో ఎర్రరంగు గుచ్చుతున్నారు. తిలకం చేపలట. ఛప్పన్న దేశాల్లో గిరాకీ అట.

"పోలమ్మత్తా, ఇలా గుచ్చితే బతుకుతాయా?"

"బతికింది బుడ్డిలోకి, చచ్చింది గుంటలోకి. అమ్మేది ఒకటైతే పారబోసేది బుట్టెడు. ఆ గుంట దగ్గరికి మాత్రం పోకు. చచ్చిన చేపలు తినమరిగి ఒక దున్నపోతంత మొసలి ఉందందులో." పోలమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు చూడబుద్ధి కాదురా. మేత కుండలు ఆ లోపలి గదిలో పెట్టు. సాక్షులుండే గది అది."

లోపలి గదిలోకి వెళ్ళి నందికేతు నిలబడిపోయాడు. అక్కడి చేపల కళ్ళు కళ్ళు కావు, నిమ్మకాయలు. తలకి రెండు వైపులా ఉబ్బి, నీళ్ళు నింపిన తిత్తుల్లా ఊగుతున్నాయి. కళ్ళు పెద్దవైతే సాక్ష్యం గట్టిదని గవ్వలకోటవాళ్ళ లెక్క. అందుకే తిమిరాక్షుడు ఈ చేపల్ని పుట్టించి చూపగానే, ఊళ్ళో ఉన్న చెరువుచేపల్ని పారబోసి ఇంటింటా వీటిని పెట్టుకున్నారు. కొలువులో ఉన్న రాజసాక్షి కూడా ఈ జాతిదే. పెద్ద కళ్ళవాడు ఎక్కువ చూస్తాడని ఎవరు చెప్పారని అడిగినవాడు లేడు.

అతను కుండ దించి గుప్పెడు పురుగులు తీసి గాజుకి ఆనించాడు. చేప రాలేదు. మొలలో దాచిన కత్తి తీసి ఎండలో తళుక్కుమనిపించాడు. చేప కదల్లేదు. కత్తి మొన గాజు మీద తగిలి టక్కుమంది. అంతే, గదిలోని చేపలన్నీ ఒక్కసారి పైకి లేచి నోళ్ళు తెరిచాయి.

నందికేతు వెనక్కి తిరిగి కుండలోకి వంగాడు. పురుగులతో పాటు చెరువులోంచి వచ్చిన ఒక కొర్రమీను పిల్ల అందులో ఉంది. బురద రంగు, వేలెడు పొడవు. అతని నీడ పడగానే అది చటుక్కున పురుగుల కిందికి దూరింది.

కూరచేప చూసింది. రాజసాక్షి చూడలేదు.

"పోలమ్మత్తా!" కేక పెట్టాడు. "ఈ కుండ పట్టుకుని పెళ్ళిపందిరికి పరుగెత్తు! యువరాణి ప్రాణం ఇందులో ఉంది!"

పోలమ్మ ఏమిటి ఎందుకని అడగలేదు. కుండ చంకనెత్తుకుని గుమ్మం దాటింది. సరిగ్గా అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది.

తిమిరాక్షుడు. పొడుగాటి మనిషి, చేపపొలుసుల అంగీ, పెళ్ళి బాసికం, చేతిలో నాగమాను దండం. చూపుడువేలికి లావుపాటి పచ్చల ఉంగరం.

"మోతగాడికి నా సాక్షులతో ఏం మాటలో?" అని నవ్వి, దండం నేలకి తాటించాడు.

నేల నోరు తెరిచింది. నందికేతు కావడితో సహా కిందికి జారాడు.

ముక్కు పగిలే కంపు. మోకాళ్ళ లోతు కుళ్ళిన చేపలు, అన్నీ రంగుచేపలే. బురదలో రంగులు ఇంకా చావలేదు. అతను వాటిని చూస్తుండగానే ఎదుట ఉన్న గట్టు కదిలింది. అది గట్టు కాదు. మొసలి నోరు తెరిస్తే లోపల ఒక మనిషి పడుకోవచ్చు. నందికేతు కత్తి దూసే లోపల తోక విసురుకి కత్తి ఎటో ఎగిరిపోయింది. మిగిలింది కావడిబద్ద. మొసలి మీదికి దూకింది, ఇతను కిందికి వంగాడు, బద్దను నిలువుగా దాని దవడల మధ్య నెట్టాడు. వెదురు కిర్రుమంది. మొసలి తల విదిలిస్తే గుంట గోడలు అదిరాయి. దాని వీపు మీద కాలేసి, గోడలో నీళ్ళు పోయే కన్నం కనిపిస్తే అందులో తల దూర్చి, మోచేతులతో పాక్కుంటూ పోయాడు. వెనక వెదురు ఫటేలున విరిగింది, కన్నం రాళ్ళు కూలుతున్న చప్పుడైంది. ముందు వెలుతురు కనిపించింది. అతను దబ్బున కాలవలో పడ్డాడు.

పెళ్ళిపందిట్లో బాజాలు ఆగాయి. పీటల మీద తరళ, పక్కన తిమిరాక్షుడు, ఎదురుగా బంగారు పీట మీద గాజుతొట్టిలో రాజసాక్షి. అటు పక్క ఇంకా నీరసంగా ఉన్న మహారాజు చక్రపాలుడు, ఆయన వెనక సేనాపతి రణమల్లు. అందరూ చూస్తుండగా ఒళ్ళంతా బురద, నెత్తిన చేపపొలుసులతో ఒక మనిషి కాలవ మెట్లెక్కి వచ్చాడు.

"ఈ పెళ్ళి చెల్లదు!" అన్నాడు నందికేతు. "సాక్షి గుడ్డిది!"

పందిరంతా నవ్వులతో గొల్లుమంది. "కళ్ళు నిమ్మకాయలంత ఉంటే గుడ్డిదంటాడేమిట్రా!" అని ఎవరో నవ్వారు.

తిమిరాక్షుడు మాత్రం నవ్వలేదు. ఉంగరం వేలితో గాజుతొట్టిని టక్కుటక్కుమనిపించి, "తల్లీ, యువరాణి మాట నువ్వు చూశావా?" అని అడిగాడు. చేప పైకి లేచి తల ఊపింది. జనం చేతులు జోడించారు.

తరళ అంతా చూసింది. నందికేతు మొహం చూసింది, పందిరి గుంజ దగ్గర రొప్పుతున్న పోలమ్మనీ, ఆవిడ చంకలో కుండనీ చూసింది. పీట మీంచి లేవకుండానే చెయ్యి చాచింది.

"మాంత్రికులవారూ, ఆ ఉంగరం ఒకసారి ఇటివ్వండి."

"పెళ్ళయ్యాక నాదంతా నీదే కదా యువరాణీ."

"అయ్యాక నాదయ్యే ఉంగరానికి ఇప్పుడింత పట్టుదల ఎందుకు?"

జనంలో నవ్వు పుట్టింది. తిమిరాక్షుడు ఉంగరం తీసి ఇవ్వక తప్పలేదు. తరళ దాన్ని కొంగున ముడేసింది. హోమగుండంలోంచి మండుతున్న కట్టె తీసుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. గాజుకి ఒకవైపు ఆనించింది, మరోవైపు ఆనించింది. రాజసాక్షి మంట ఎదురుగా మూతి పెట్టుకుని బొమ్మలా ఉంది. కదిలింది కాసేపటికి, కదిలి గాజుకి ఢీకొట్టుకుంది.

"పోలమ్మా, ఆ కుండ."

కుండ మీదికి కట్టె వంచగానే కొర్రమీను పిల్ల బుడుంగుమని అడుగుకి దూకింది. నీళ్ళు ఎగిరి తరళ మొహం మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. గాజుతొట్టి మీద చెయ్యి వేసి, లోపలున్న ఆ చేపనే చూస్తూ నిలబడింది.

"పాపం నీదేముందే," అంది మెల్లగా. "నిన్ను చూడలేకుండా పుట్టించి, అన్నీ చూశావని చెప్పించారు."

నందికేతు ఈసారి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తన మెడ మీది తాడు తెగిన క్షణాన, ఆ తాడుకి కట్టిన చేపను చూసి జాలిపడ్డ ఆడపిల్ల! ఇటువంటిది ఒకతె ఉందంటే ఆ రాజ్యం చిన్నదైనా గొప్పదే.

మహారాజు లేచాడు. "గుడ్డి సాక్షి సాక్షి కాదు. ఇది మా తాతల నాటి ధర్మం. నా బిడ్డ మాట వెనక్కి వచ్చింది. రణమల్లూ, ఆ మాంత్రికుణ్ణి పట్టుకో!"

రణమల్లు కత్తి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నవ్వాడు తిమిరాక్షుడు. పందిరి గుంజలు కదిలేలా నవ్వాడు.

"పట్టుకో సేనాపతీ! ఏ ఒట్టు మీద పట్టుకుంటావు? ఏటా కత్తుల పండగనాడు నువ్వూ నీ సైన్యమూ రాజుకి కట్టుబడతామని ఒట్టు వేసింది ఏ చేప ముందు? ఇదే కదా! ఇది గుడ్డిదైతే నీ ఒట్టు ఏమైంది?"

రణమల్లు చెయ్యి కత్తి మీదే ఆగిపోయింది. గవ్వలకోటలో ఒక సామెత ఉంది. ఒట్టు లేని కత్తి దొంగకత్తి. ఒట్టు లేకుండా ఆయుధం దూసినవాణ్ణి బందిపోటంటారు. ఆ సైనికులు పిరికివాళ్ళు కారు, మంచివాళ్ళు. అదే వచ్చింది చిక్కు. ఒక్కొక్కరే బల్లేలు కింద పెట్టారు.

తిమిరాక్షుడు ఈల వేశాడు. అతని కూలిమూక నలువైపుల నుంచీ దూకింది. వాళ్ళకి ఒట్టూ లేదు, చేపా లేదు. రాజు మెడ మీద కత్తులు పెట్టారు.

"చూసే కన్ను ఒక్కటుంది ఈ కోటలో," అంటూ తిమిరాక్షుడు దండం విసిరాడు. పోలమ్మ చంకలో కుండ పెళ్ళున పగిలింది. కొర్రమీను పిల్ల నేల మీద పడి ఎగిరెగిరి పడింది. "ఇక అదీ లేదు. ఒట్టు వెయ్యండి చూద్దాం!"

నందికేతు ఒక్క దూకు దూకి చేపను పాగాలోకి ఎత్తుకున్నాడు.

"సేనాపతీ, రండి! ఇంకా బతికే ఉంది, దీని ముందు ఒట్టు వెయ్యండి!"

"వద్దు!" అంది తరళ. "ముందు నీళ్ళు. ఊపిరాడనిదాన్ని పట్టుకుని సాక్ష్యం చెప్పమంటే వీడికీ మనకీ తేడా ఏముంది?"

కత్తుల మధ్య నుంచి మహారాజు గొంతు వినిపించింది. "చెరువుకి పో తల్లీ! మా తాత చేపను ఇంటికి తెచ్చి ఒట్టు వెయ్యలేదు. పీకల్లోతు నీళ్ళలో నిలబడి, చేపల ఇంటికి పోయి వేశాడు!"

ఇద్దరూ కాలవలోకి దూకి, పొద్దున్నుంచీ కట్టి ఉన్న పడవెక్కారు. నందికేతు తడిపాగాను ఒళ్ళో పెట్టుకుని దోసిలితో నీళ్ళు పోస్తున్నాడు. తెడ్డు తరళ పట్టింది. ఎదురునీరు. పారాణి పాదాలు పడవ చెక్కకి తన్నిపెట్టి ఆమె తెడ్డు వేస్తుంటే పడవ మేకపిల్లలా ఎగిరెగిరి పోయింది.

వెనక తిమిరాక్షుడు బూడిద చల్లాడు. ఒక్కో రవ్వా ఒక్కో కొంగయింది. మామూలు కొంగ కాదు, బల్లెమంత ముక్కు. గుంపుగా లేచి ఆకాశం తెల్లబడేలా పడవ మీదికి దిగాయి. ఒకటి పాగా మీదికి ముక్కు దించింది. నందికేతు చెయ్యి అడ్డం పెట్టాడు, రక్తం చిమ్మింది, పాగా వదల్లేదు. తరళ తెడ్డు తిప్పి కొట్టింది. దెబ్బ తిన్న కొంగ బూడిదై రాలింది. మళ్ళీ తెడ్డు నీళ్ళలో, మళ్ళీ గాల్లో. కొట్టడానికొకటి, వెయ్యడానికొకటి, ఆమె చేతిలో రెండు తెడ్లున్నట్టుంది.

పందిట్లో పోలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని సైనికుల ముందు నిలబడింది.

"ఒరే అబ్బాయిలూ! పెళ్ళికూతురు తెడ్డేసుకుని చెరువుకి పోతంది. మీసాలున్న మీరు పెళ్ళిభోజనానికి కూర్చున్నారా? వడ్డించమంటారా?"

రణమల్లు మొహం ఎర్రబడింది. "కత్తి దూయలేనుగాని అత్తా, కాళ్ళకి ఒట్టు అక్కర్లేదు కదా!" అని కట్టకేసి పరుగెత్తాడు. సైన్యమంతా వట్టి చేతులతో అతని వెనక పరుగెత్తింది.

ముత్యాలచెరువు కట్టెక్కితే అవతలి ఒడ్డు కనబడదు. గాలికి నీళ్ళు పొలుసుపొలుసుగా మెరుస్తున్నాయి. తరళ పెళ్ళిచీరతోనే దిగింది. మోకాలు, నడుము, రొమ్ము దాటి పీకల్లోతుకి వెళ్ళింది. నందికేతు పాగా విప్పాడు. కొర్రమీను పిల్ల ఒక్కసారి మొప్పలు ఎగరేసి, ఇద్దరినీ చూసి, చటుక్కున మాయమైంది. అంత అందమైన ఈత అతను చేపలమేడలో ఒక్కటీ చూడలేదు. బురదరంగు చేపే. దాని తోక దానికి సరిపోయింది, దాని కళ్ళు దానికి సరిపోయాయి. అంతకంటే ఏం కావాలి?

పెళ్ళిచీర జరీ మెరుపుకి చుట్టూ చేపలు చేరాయి. పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు. వందల కళ్ళు, ఒక్క రెప్ప లేదు.

"చూస్తున్నారు కదా," అంది తరళ నీళ్ళకేసి. "ఒట్టు కోసమో అందం కోసమో ఇకమీదట మిమ్మల్ని ఇంటికి తెప్పించుకోను. మాట ఇవ్వాల్సినప్పుడు నేనే మీ ఇంటికి వస్తాను. ఇది నా మొదటి మాట."

కట్ట మీద రణమల్లు ఇది విన్నాడు. చెప్పులు విడిచాడు. తలపాగా తీసి గట్టున పెట్టి నీళ్ళలో దిగాడు. అతని వెనక సైన్యం దిగింది. చెరువులో తలలు తామరమొగ్గల్లా నిలిచాయి.

"నేను, రణమల్లును," మొదలుపెట్టాడు సేనాపతి, "రెప్ప వెయ్యని ఈ కళ్ళ ముందు, చక్రపాల మహారాజుకి..."

ఆగాడు. పీక దగ్గరున్న నీళ్ళు రొమ్ముకి దిగాయి.

అందరూ అటు చూశారు. కట్ట చివర, కాలవలోకి నీళ్ళు వదిలే తూముగట్టు మీద తిమిరాక్షుడు నిలబడి ఉన్నాడు. తూముకి కొట్టిన కొయ్యబిరడాను పెకలించి, దాన్ని నెత్తి మీదికెత్తి చెరువులోకి విసిరేశాడు. అతని కాళ్ళ కింద నీళ్ళు సుడి తిరుగుతూ హోరుమని కిందికి పోతున్నాయి. చేపలు ఆ లాగుడుకి ఎదురీదుతున్నాయి.

"చెరువే లేకపోతే సాక్షులెక్కడ యువరాణీ?" అని అరిచాడు.

"సేనాపతీ, ఆపకండి!" తరళ గొంతు హోరుని దాటి వినిపించింది. "పీకల్లోతు కావాలంటే లోపలికి నడవండి! నీళ్ళున్నంతలో మాట పూర్తి చెయ్యండి! రాకుమారా..."

నందికేతు అప్పటికే ఈదుతున్నాడు. తేలుతున్న బిరడాను చంకన పెట్టుకుని, సుడి అంచున ఊపిరి బిగబట్టి మునిగాడు. చెవుల్లో హోరు. పచ్చటి వెలుతురు పోయి చీకటి వచ్చింది. చేతికి రాయి తగిలింది, ఇదే తూము నోరు. బిరడాను రెండు చేతులా ఎత్తి నెట్టబోయాడు.

తూము లోపల రెండు కళ్ళున్నాయి. పళ్ళ మధ్య విరిగిన కావడిబద్ద ముక్క ఉంది.

ఆ కళ్ళు అతన్ని చూసి, నింపాదిగా, రెప్ప వేశాయి.